దొంగ పట్టిన ఓడ వేరు, దొర పట్టిన ఓడ వేరు

గౌరవనీయ సంపాదకులకు,

నమస్కారం. గల్ఫ్‌లోనో ఎర్రసముద్రంలోనో సరుకు ఓడ పట్టుబడిన ప్రతిసారీ మన తెలుగు పత్రికల్లో ఒకటే శీర్షిక: 'నౌక హైజాక్'. మొదటి పేరాలో మనవాళ్లు ఎంతమంది, రెండో పేరాలో తల్లిదండ్రుల కన్నీళ్లు, మూడో పేరాలో 'కేంద్రం దృష్టికి తీసుకెళ్తాం' అనే నాయకుడి మాట. ఓడ మీద ఏ దేశం జెండా ఎగురుతోంది (అంటే అది ఏ దేశంలో రిజిస్టరైంది), పట్టుకున్నది ఎవరు, ఏ నేరం మోపారు అనే మూడు సంగతులు మాత్రం ఎంత వెతికినా దొరకవు. వ్యవహారమంతా నడిచేది ఆ మూడింటి మీదే. 'హైజాక్' అనే ఒక్క మాట పట్టుకుని ఇంటివాళ్లు తట్టకూడని తలుపులన్నీ తట్టి, తట్టాల్సినదాన్ని వదిలేస్తున్నారు. అందుకే ఉత్తరం పొడుగైనా రాస్తున్నాం.

తిరుపతిలో కూర్చున్నవాళ్లకు ఓడల గొడవెందుకు అనుకోనక్కర్లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేట వైపు తీరం తిరుపతి జిల్లాలో కలిసింది. కళాసీ పనికి ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేసి చెన్నైలో ఓడ కోసం ఎదురుచూసే కుర్రాళ్లలో పుత్తూరు, నగరి, పలమనేరు వాళ్లూ ఉంటారు. ఇక చిత్తూరు తోతాపురి గుజ్జు గల్ఫ్‌కూ యూరప్‌కూ వెళ్లేది ఈ సముద్రాల మీదుగానే. మనిషి మనదే, సరుకూ మనదే. ఓడ ఒక్కటే మనది కాదు, చిక్కంతా అక్కడే.

సముద్రంలో ఓడను ఆపేవాళ్లు నాలుగు రకాలు. సోమాలియా దొంగల్లాంటి వాళ్లు డబ్బు కోసం ఆపుతారు. యుద్ధంలో దిగిన దేశం, శత్రువుకు సాయం అందకుండా ఆపుతుంది. యుద్ధం ప్రకటించకుండానే, కోర్టు వారంటనో పడవను గుద్దిందనో పేరుపెట్టి ఆపే దేశం ఇంకొకటి. చివరిది, ఏ దేశమూ గుర్తించకపోయినా ఒక తీరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సాయుధ దళం. నలుగురి చేతుల్లోనూ తుపాకులే ఉంటాయి, డెక్ మీద కళాసీకి తేడా ఏమీ కనిపించదు. కాగితం మీద మాత్రం తేడా కొండంత. దొంగ పట్టుకుంటే జీతం ఆగదు, బీమా చెల్లుతుంది. దొర, అంటే ప్రభుత్వం, పట్టుకుంటే రెండూ సందేహమే. ఎందుకో తర్వాత చెబుతాం.

ముందుగా యుద్ధ చట్టం. తటస్థ దేశపు ఓడను యుద్ధంలో ఉన్న దేశం ఆపి చూడొచ్చు. దాన్ని ఎవరూ కాదనరు. ఆపే పద్ధతి మాత్రం ఉంది. యుద్ధనౌక తన అసలు జెండా ఎగరేసి, ఆగమని సంకేతం ఇవ్వాలి. ఒక ఆఫీసరు పడవలో వచ్చి రిజిస్ట్రీ సర్టిఫికెట్, క్రూ లిస్టు, లాగ్‌బుక్, మేనిఫెస్ట్ (సరుకు జాబితా), బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రసీదు), చార్టర్ పార్టీ (ఓడ అద్దె ఒప్పందం) చూస్తాడు. అవి సరిపోతే లాగ్‌బుక్‌లో రాసి వదిలేస్తాడు. సరిపోకపోతే సరుకు గదులు తెరుస్తారు. అనుమానం గట్టిపడితే తమ నావికులను కొందరిని ఓడ మీద ఉంచి, కాగితాలకు సీలు వేసి, తమ రేవుకు నడిపిస్తారు. దాన్ని ప్రైజ్ అంటారు. అక్కడితో ఓడ వాళ్లదైపోదు, ప్రైజ్ కోర్టు తీర్పు చెప్పాలి. మన దేశానికీ ఇలాంటి చట్టం ఉంది, 1971 నాటి నౌకా, వైమానిక ప్రైజ్ చట్టం.

ఎక్కువ ఓడలు దొరికిపోయేది బిల్ ఆఫ్ లేడింగ్ దగ్గర. సరుకు ఎవరికి చేరాలో పేరు రాయకుండా 'ఆర్డరు మేరకు' అని రాస్తే వ్యాపారంలో తప్పేమీ లేదు, దారిలో సరుకును చేతులు మార్చుకోవడానికి అదే వీలు. యుద్ధకాలంలో మాత్రం ఆ మాటే ఉరితాడు. 1914 చివర్లో కిమ్, ఆల్ఫ్రెడ్ నోబెల్, బ్యోర్న్‌స్ట్యెర్నె బ్యోర్న్‌సన్, ఫ్రిడ్‌లాండ్ అనే 4 తటస్థ ఓడలు అమెరికా నుంచి డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌కు పంది కొవ్వు మోసుకెళ్తుంటే బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంది. డెన్మార్క్ తటస్థ దేశం, అమెరికా అప్పటికి తటస్థ దేశం, పంది కొవ్వు తినే వస్తువు. మరి నేరం ఎక్కడుంది? ప్రైజ్ కోర్టు జడ్జి సర్ శామ్యూల్ ఇవాన్స్ లెక్క తీశారు. యుద్ధానికి ముందు డెన్మార్క్ అన్ని దేశాల నుంచీ కలిపి ఏడాదికి సగటున దిగుమతి చేసుకున్న కొవ్వు 14,59,000 పౌన్లు. మూడు వారాల్లో బయల్దేరిన ఈ 4 ఓడల్లోనే 1,92,52,000 పౌన్లు ఉంది, అంటే 13 ఏళ్ల తిండి. డెన్మార్క్ జనం అంత తినలేరు కాబట్టి పక్కనున్న జర్మనీకే పోతోందని తేల్చి, సరుకులో ఎక్కువ భాగం జప్తు చేశారు. షికాగో మాంసం వ్యాపారులు, అమెరికా ప్రభుత్వం ఎంత మొత్తుకున్నా తీర్పు మారలేదు. చాలావరకు కూడికే ఓడించిన కేసది.

రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో బ్రిటన్ ఈ సోదాలను సముద్రం మీద కాకుండా కిర్క్‌వాల్, డౌన్స్, వేమత్, జిబ్రాల్టర్, హైఫా లాంటి రేవుల దగ్గర పెట్టింది. తటస్థ ఓడలు అక్కడ రోజుల తరబడి లంగరేసి కూర్చునేవి. డచ్చివాళ్లు, బెల్జియంవాళ్లు, ఇటలీవాళ్లు మొరపెట్టుకున్నది చాలావరకు జప్తుల గురించి కాదు, ఆ ఆలస్యం గురించే. అప్పుడు నావిసర్ట్ అనే పద్ధతిని మళ్లీ తీసుకొచ్చారు. సరుకు బయల్దేరే రేవులోనే బ్రిటిష్ అధికారి దగ్గర ముందస్తు అనుమతి కాగితం తీసుకుంటే దారిలో ఆపరు. కాగితం తీసుకోని ఓడ మీద అనుమానం దానంతటదే పెరిగింది. తటస్థ దేశపు వర్తకుడు తన సరుకు పంపడానికి పోట్లాడుకుంటున్న ఇద్దరిలో ఒకడి అనుమతి తీసుకోవాలన్నమాట!

పట్టుకున్న ఓడను ఎక్కడికి తీసుకెళ్లాలి అన్నది దీనికంటే పెద్ద పేచీ. తమ రేవు దూరమైతే దారిలో ఏదో తటస్థ దేశపు రేవులోకి దూరాల్సి వస్తుంది. 1907 నాటి 13వ హేగ్ ఒప్పందంలో 21వ అధికరణం దీనికి నాలుగే కారణాలు ఒప్పుకుంది: ఓడ నడపడానికి పనికిరాని స్థితి, తుపాను, ఇంధనం కొరత, తిండి కొరత. కారణం తీరగానే వెళ్లిపోవాలి. వెళ్లకపోతే తటస్థ దేశం పొమ్మనాలి. అప్పటికీ కదలకపోతే ఓడను అసలు సిబ్బందికి అప్పగించి, పట్టుకొచ్చిన నావికులను నిర్బంధించాలి.

ఈ ఒక్క అధికరణం చుట్టూ 1939లో నాలుగు రాజధానులు తిరిగాయి. సిటీ ఆఫ్ ఫ్లింట్ అనేది అమెరికా సరుకు ఓడ, కెప్టెన్ జోసెఫ్ గేనార్డ్. న్యూయార్క్ నుంచి బ్రిటన్‌కు ట్రాక్టర్లు, ధాన్యం, కందెన నూనె లాంటి సరుకు తీసుకెళ్తోంది. అక్టోబరు 9న అట్లాంటిక్ నడుమ జర్మన్ యుద్ధనౌక డాయిష్‌లాండ్ దాన్ని ఆపి, సరుకులో నిషిద్ధ వస్తువులున్నాయని తన నావికులను ఎక్కించింది. అంతకుముందు తాను ముంచేసిన స్టోన్‌గేట్ అనే బ్రిటిష్ ఓడ మనుషులను కూడా ఇందులోకే తోలింది. జర్మనీకి నేరుగా వెళ్దామంటే దారిలో బ్రిటిష్ నౌకలు. అందుకని ఉత్తరంగా చుట్టుకుని నార్వేలోని ట్రోమ్సో చేరారు. స్టోన్‌గేట్ మనుషులను దింపనిచ్చి, మిగతావాళ్లను మాత్రం 24 గంటల్లో వెళ్లిపొమ్మంది నార్వే. అక్టోబరు 23న ఓడ సోవియట్ రేవు మూర్మాన్‌స్క్‌లో తేలింది. యంత్రాలు చెడ్డాయని జర్మన్లు చెప్పారు. రష్యన్లు ముందు జర్మన్ నావికులను నిర్బంధించామన్నారు, అంతలోనే యంత్రాల మాట నిజమేనని వాళ్లను వదిలేసి ఓడను మళ్లీ వాళ్ల చేతుల్లోనే పెట్టారు. యంత్రాలు నిజంగా చెడితే మూర్మాన్‌స్క్ దాకా ఎలా నడిచిందని వాషింగ్టన్ అడిగింది. మాస్కోలో అమెరికా రాయబారి లారెన్స్ స్టైన్‌హార్ట్ తమ దేశపు నావికులతో ఒక్కమాట మాట్లాడించమని రోజూ అడిగారు. మాట్లాడించలేదు. ఓడ ఎవరిదనే ప్రశ్న తేలేదాకా మనుషులను చూపించకపోవడం అన్న ఎత్తు ఈనాటిది కాదు.

తర్వాత ఓడ నార్వే తీరం వెంబడి దక్షిణానికి దిగింది. పక్కనే నార్వే నౌకాదళం కాపలాగా నడిచింది. నవంబరు మొదట్లో జర్మన్లు హాగెసుండ్ దగ్గర లంగరేశారు. ఓడలో ఒకరికి ఒంట్లో బాగాలేదని కారణం చెప్పారు. తుపాను లేదు, ఇంధనం ఉంది, తిండి ఉంది, ఓడ నడుస్తోంది. 21వ అధికరణంలోని నాలుగు కారణాల్లో జ్వరానికి చోటు లేదు. నార్వే యుద్ధనౌక ఓలావ్ ట్రిగ్వాసన్ నుంచి సిపాయిలు రాత్రివేళ ఓడెక్కి, జర్మన్లను నిర్బంధించి, గేనార్డ్‌కు ఓడ అప్పగించారు. తుపాకీ పేలలేదు. బెర్లిన్ గట్టిగానే అభ్యంతరం చెప్పింది, నార్వే ఒప్పందం చూపించింది. చిన్న దేశం పెద్ద దేశాన్ని ఎదిరించి నిలబడింది కేవలం ఆ ఒక్క అధికరణం బలంతోనే. మూడున్నర నెలల తర్వాత 1940 ఫిబ్రవరి 16న అదే నార్వే తీరంలో, యోసింగ్ ఫియర్డ్‌లో, ఆల్ట్‌మార్క్ అనే జర్మన్ ఓడలోకి బ్రిటిష్ యుద్ధనౌక కాసాక్ సిపాయిలు దూరి 299 మంది ఖైదీలను విడిపించుకుపోయినప్పుడు నార్వే నోటిమాటకు ఎవరూ విలువ ఇవ్వలేదనుకోండి.

ఇక మనుషుల సంగతి. 1907లోనే మరో హేగ్ ఒప్పందం, 11వది, ఓడ కేసునూ మనుషుల కేసునూ విడగొట్టింది. శత్రువుల సరుకు ఓడను పట్టుకున్నా, అందులో పనిచేసే తటస్థ దేశాల నావికులు యుద్ధఖైదీలు కారు. కెప్టెన్, ఆఫీసర్లయితే ఈ యుద్ధం ముగిసేదాకా శత్రువు ఓడలో పనిచేయనని కాగితం మీద రాసివ్వాలి. కళాసీలకు ఆ షరతు కూడా లేదు. ఉత్తరాల సంచీ ముట్టుకోకూడదు. తీరం వెంబడి చేపలు పట్టే చిన్న పడవలను పట్టుకోకూడదు. ఓడ కోర్టులో ఏడాది నలిగినా మనిషి ఇంటికి వెళ్లిపోవాలి, ఇదీ రూలు.

ఈ రూలు మన బంగాళాఖాతంలోనే నడిచింది. మద్రాసు చమురు ట్యాంకులను 1914 సెప్టెంబరు 22 రాత్రి కాల్చిన జర్మన్ యుద్ధనౌక ఎండెన్ అందరికీ తెలుసు. పొరుగు తమిళంలో గడుసువాణ్ని ఇప్పటికీ 'ఎండెన్' అంటారు. అంతకు ముందు రెండు వారాల్లో దాని కెప్టెన్ ఫాన్ ముల్లర్ చేసింది తక్కువమందికి తెలుసు. పాంటోపోరోస్ అనే గ్రీకు ఓడ తటస్థమే, కానీ బ్రిటిష్‌వాళ్ల కోసం బొగ్గు మోస్తోంది. దాన్ని వెంట తీసుకుపోయి, బొగ్గు వాడుకున్నాడు. కబింగా బ్రిటిష్ ఓడే, కానీ సరుకు అమెరికావాళ్లది. ముంచితే ఆ సరుకుకు జర్మనీ డబ్బు కట్టాలి కాబట్టి, పట్టుబడిన ఓడల మనుషులను అందులో ఎక్కించి వదిలేశాడు. లొరెడానో ఇటలీ ఓడ, తటస్థం, దాన్ని అంటుకోలేదు. అది నేరుగా వెళ్లి కలకత్తా దారిలో ఎండెన్ ఉందని కబురు చెప్పేసింది! ఒక్కో ఓడకు ఒక్కో న్యాయం ఎందుకు జరిగిందో చూడండి: జెండా ఎవరిది, సరుకు ఎవరిది, మోసేది ఎవరి కోసం. ఈ మూడూ అడిగాకే ఓడను ముంచాలా వద్దా అని ముల్లర్ తేల్చాడు.

మనుషులను పట్టి ఓడను వదిలేయడమూ తప్పే. 1861 నవంబరు 8న అమెరికా నౌక శాన్ జసింటో, తటస్థ బ్రిటన్ టపా ఓడ ట్రెంట్‌ను ఆపి, తిరుగుబాటు దక్షిణ రాష్ట్రాల దూతలు మేసన్, స్లైడెల్‌లను దింపుకుని ఓడను పంపేసింది. కెప్టెన్ విల్క్స్ అది మర్యాద అనుకున్నాడు. న్యాయవాదులు దాన్నే పట్టుకున్నారు: ఓడను ప్రైజ్ కోర్టుకు తీసుకెళ్లి ఉంటే వాదించడానికి ఏదో ఉండేది, సముద్రం మీద కెప్టెనే జడ్జి అయిపోతే ఏమీ మిగలదు. యుద్ధం దాకా వచ్చింది. బ్రిటన్ సూరేకారం ఎగుమతి ఆపేసింది. అమెరికా తుపాకి మందుకు ఆ సూరేకారం మన దేశం నుంచి పోయేది. చివరికి ఇద్దరినీ వదిలిపెట్టారు.

ఇప్పటి కాలానికి వద్దాం. 2024 ఏప్రిల్ 13న హర్మూజ్ దగ్గర ఇరాన్ దళం హెలికాప్టర్ నుంచి దిగి పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్‌లో 25 మంది సిబ్బంది, 17 మంది భారతీయులు. ఓడ యజమానులకు ఇజ్రాయెల్ సంబంధం ఉందన్నది ఇరాన్ మాట. జెండా పోర్చుగల్‌ది. కాబట్టి ఓడ గురించి అడిగే హక్కు లిస్బన్‌ది, మనవాళ్ల గురించి అడిగే హక్కు ఢిల్లీది. మన మహిళా క్యాడెట్ ఒకరు ఏప్రిల్ 18న వచ్చేశారు, మే 9న ఐదుగురు వచ్చారు. మిగతావాళ్లు ఆగిపోయారు. 'వాళ్లను ఎవరూ బంధించలేదు, వెళ్లొచ్చు' అని ఇరాన్ అంటుంటే, సాంకేతిక, కాంట్రాక్టు చిక్కులున్నాయని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఇళ్లల్లో ఇది ఎవరికీ అర్థం కాలేదు. అర్థం ఇది: ప్రతి ఓడకూ కనీసం ఇంతమంది ఉండి తీరాలని సేఫ్ మ్యానింగ్ సర్టిఫికెట్ ఉంటుంది. లంగరేసి ఉన్నా బ్రిడ్జి మీద కాపలా, కింద జనరేటర్ దగ్గర మనిషి కావాలి. గాలికి లంగరు జారితే ఓడ ఒడ్డెక్కుతుంది, లేదా పక్క ఓడను గుద్దుతుంది. బదులు మనుషులు రానిదే కెప్టెన్ సంతకం పెట్టి పంపలేడు. పట్టుబడిన ఓడకు బదులు మనుషులను ఏ కంపెనీ పంపుతుంది, ఎవరు వస్తారు? ఇలా నేరమేమీ లేకుండానే, తలుపు తీసే ఉన్నా, మనిషి బందీ అవుతాడు. 'విడుదల' అని వార్త వేసేముందు 'బదులు సిబ్బంది ఎక్కారా' అని విలేకరి ఒక్కమాట అడిగితే చాలు.

2019లో జరిగింది ఇంకా తేటగా ఉంటుంది. జులై 4న జిబ్రాల్టర్‌లో బ్రిటిష్‌వాళ్లు ఇరాన్ చమురు మోస్తున్న గ్రేస్ 1ను పట్టుకున్నారు, అందులో 24 మంది మనవాళ్లు. జులై 19న ఇరాన్ బ్రిటిష్ జెండా ఉన్న స్టెనా ఇంపెరోను పట్టుకుంది, 23 మందిలో 18 మంది మనవాళ్లు. చేపల పడవను గుద్దిందని పైకి చెప్పిన కారణం. పేచీ లండన్‌కూ టెహ్రాన్‌కూ, రెండు ఓడల్లోనూ ఇరుక్కున్నది మనవాళ్లు! గ్రేస్ 1 ఆగస్టు 15న విడుదలైతే, స్టెనా ఇంపెరో సెప్టెంబరు 27న గానీ కదల్లేదు. ఇక 2023 నవంబరు 19న హూతీలు పట్టుకున్న గెలాక్సీ లీడర్ మన పిపావావ్ రేవుకే వస్తోంది. బహమాస్ జెండా, 25 మంది సిబ్బందిలో మనవాళ్లు లేరు. హూతీల దగ్గరకు వెళ్లే కాన్సుల్, అంటే నావికుల దేశపు ఎంబసీ అధికారి, ఎవరూ ఉండరు కాబట్టి ఒమన్ మధ్యవర్తిత్వమే దిక్కయింది. 14 నెలలు దాటాక, 2025 జనవరి 22న, మనుషులు బయటపడ్డారు. ఓడ అక్కడే ఉండి 2025 జులైలో ఇజ్రాయెల్ దాడిలో దెబ్బతింది. ఓడ కేసునూ మనుషుల కేసునూ విడగొట్టకపోతే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ఒక చిన్న సంగతి దగ్గరగా చూపిస్తాం, మంచినీళ్లు. నడిచే ఓడలో సముద్రపు నీటిని మంచినీరు చేసే యంత్రం పనిచేసేది చాలా ఓడల్లో మెయిన్ ఇంజిన్ చల్లబరిచే నీటి వేడితోనే. లంగరేసి ఇంజిన్ ఆపితే ఆ యంత్రమూ ఆగిపోతుంది. పైగా రేవు దగ్గరి నీళ్లు మురికివి కాబట్టి తోడనివ్వరు. మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకున్నా 25 మందికి రెండున్నర టన్నులు. ట్యాంకులో 200 టన్నులుంటే 80 రోజులు, అదీ బట్టలు, వంట అన్నీ కలిపి. జనరేటర్ డీజిల్ తాగుతూనే ఉంటుంది. అది ఆగితే కోల్డ్ రూములో మాంసం, కూరగాయలు పోతాయి. కాబట్టి మొదటిరోజు నుంచే నీళ్లకు వేళలు పెట్టి, జనరేటర్ ఒక్కటే నడిపే కెప్టెన్ తెలివైనవాడు. 'రెండు వారాల్లో వదిలేస్తారంట' అని మామూలుగా వాడేస్తే మూడో నెలలో పట్టుకున్నవాళ్లనే నీళ్లు అడుక్కోవాలి. ఆ నీళ్లకు బదులుగా ఏ కాగితం మీద సంతకం అడుగుతారో తెలియదు.

సంతకం అన్నాం కాబట్టి చెప్పాలి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం తప్పకపోతే, పక్కన 'చదవలేను, అభ్యంతరంతో సంతకం చేస్తున్నా' అని రాసి తేదీ వేయాలి. కాన్సుల్‌ను కలవాలని నోటితో కాకుండా రాసి అడగాలి. 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న మనిషి కోరితేనే అక్కడి అధికారులు ఆలస్యం లేకుండా ఎంబసీకి తెలపాలి. అడగలేదు కాబట్టి తెలపలేదు అని తప్పించుకునే దారి అక్కడుంది. బాండు కట్టి ఓడను త్వరగా విడిపించే పద్ధతి సముద్ర చట్టం ఒప్పందంలో ఉంది కదా అని కొందరు టీవీ చర్చల్లో అంటున్నారు. ఆ 292వ అధికరణం చేపల వేట, కాలుష్యం కేసులకే. పైగా ఇరాన్ ఆ ఒప్పందాన్ని ఆమోదించలేదు. కానీ పనికొచ్చే తీర్పు ఇంకొకటుంది. 1999లో సైగా ఓడ కేసులో అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్, ఓడనూ అందులోని మనుషులనూ, వాళ్లు ఏ దేశస్తులైనా సరే, ఒకే యూనిట్‌గా తీసుకుని జెండా దేశం అడగొచ్చని చెప్పింది. అంటే మన ఎంబసీకే కాదు, జెండా దేశపు నౌకా రిజిస్ట్రీకి కూడా ఇంటివాళ్లు ఉత్తరం రాయాలి. ఇది చేసేవాళ్లు చాలా అరుదు.

ఇప్పుడు మొదట దాటేసిన డబ్బు సంగతి. ఓడ కార్మికుల ఒప్పందం ఎంఎల్‌సీకి 2018లో చేసిన సవరణ 2020 డిసెంబరు 26 నుంచి అమల్లో ఉంది. నావికుడు బందీగా ఉంటే కాంట్రాక్టు గడువు ముగిసినా జీతం, ఇంటికి పంపే అలాట్‌మెంట్ ఆగకూడదు. చాలా మంచి నిబంధన. కానీ అందులో రాసింది సముద్రపు దొంగలు, సాయుధ దోపిడీ అని మాత్రమే. దేశం పట్టుకుంటే అన్న మాట లేదు. కాబట్టి 9 నెలల కాంట్రాక్టు పూర్తయిన మర్నాడు కంపెనీ చేతులెత్తేస్తే, అడగడానికి మిగిలేది సొంత కాంట్రాక్టులోని మాటలే. 'ఏ ప్రభుత్వమైనా నిర్బంధించినా సరే, ఇల్లు చేరేదాకా జీతం' అన్న వాక్యం కాంట్రాక్టులో ఉందో లేదో ఓడెక్కకముందే చూసుకోవాలి. ఓడ యజమానులూ నావికుల సంఘాలూ కలిసి చేసుకునే ఐబీఎఫ్ ఒప్పందం కిందున్న ఓడైతే, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి రానని చెప్పే హక్కు ఉంది, ఇంటికి పంపే ఖర్చు కంపెనీదే. వెళ్తే బేసిక్ జీతానికి సమానమైన బోనస్, కనీసం 5 రోజులకు. చావుకూ అంగవైకల్యానికీ పరిహారం రెట్టింపు. ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికులను ఉద్యోగాల్లో పెట్టేందుకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు, లేని ఏజెంటుకు లక్షలు కట్టి ఎక్కినవాడికి ఇవేవీ ఉండవు. అతని పేరు క్రూ లిస్టులో సరిగ్గా ఉంటే అదే గొప్ప.

మన మామిడి గుజ్జుదీ అచ్చం అదే కథ. ఒక్కో అసెప్టిక్ డ్రమ్ములో 215 కిలోలు, 20 అడుగుల కంటైనర్‌కు 80 డ్రమ్ములు, అంటే 17 టన్నుల పైచిలుకు. ఎగుమతిదారు 'ఆల్ రిస్క్' బీమా ఉందని నిశ్చింతగా ఉంటాడు. 'ఆల్ రిస్క్' అనే ఆ మామూలు 'ఏ' రకం (A) బీమా షరతుల్లో దొంగతనం, సముద్రపు దొంగలు కవర్ అవుతారు. పట్టివేత, జప్తు, నిర్బంధం మినహాయింపుల్లో ఉంటాయి. వాటికి వార్ క్లాజ్, అంటే యుద్ధ ప్రమాదాల బీమా, విడిగా కొనాలి. అది కొన్నా, ఆలస్యం వల్ల సరుకు పాడైతే రాదు. గుజ్జు పాడయ్యేదే ఆలస్యం వల్ల! పైగా బీమా కంపెనీ సాధారణంగా 7 రోజుల నోటీసుతో వార్ కవర్‌ను ఉపసంహరించుకోవచ్చు. ఓడ యజమాని లెక్క ఇంకొకటి. అతని వార్ రిస్క్ పాలసీలో సాధారణంగా 12 నెలల నిర్బంధం దాటితే ఓడ పూర్తిగా పోయినట్టే లెక్క, మొత్తం డబ్బు వస్తుంది. పదకొండో నెలలో యజమాని ఓడ విడుదల కోసం ఎంత గట్టిగా తిరుగుతాడో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు. సిబ్బంది ఇళ్లవాళ్లు ఆ తేదీని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడం మంచిది.

ఓడెక్కే కుర్రాడి ఇంట్లో ఉండాల్సిన కాగితాలు ఇవీ: పాస్‌పోర్ట్, సీడీసీ (నావికుడి సర్వీసు పుస్తకం) నకళ్లు, ఇండోస్ నంబరు (భారతీయ నావికుల జాబితాలో అతని నంబరు), సంతకాలైన కాంట్రాక్టు అన్ని పేజీలూ, ఏజెంటు ఆర్‌పీఎస్‌ఎల్ నంబరు, ఓడ గుర్తింపుకు ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబరు. ఓడ పేరు రాత్రికి రాత్రి మారొచ్చు, గ్రేస్ 1 విడుదలయ్యేసరికి ఏడ్రియన్ దర్యా 1 అయిపోయింది. ఐఎంఓ నంబరు మారదు. పట్టుబడిన కబురు తెలియగానే ముంబైలోని డీజీ షిప్పింగ్ కమ్యూనికేషన్ సెంటర్‌కు, విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌కు, జెండా దేశానికి ఒకే రోజు ఒకే సమాచారం వెళ్లాలి. కలెక్టరేట్‌లో అర్జీ తర్వాతైనా ఇవ్వొచ్చు.

మీ పత్రిక నుంచి కోరేది ఒకటే. ఇలాంటి వార్త వచ్చిన రోజు జెండా, పట్టుకున్నవాళ్లు, చెప్పిన కారణం, ఓడ ఐఎంఓ నంబరు, యజమాని, మేనేజర్ పేర్లు ఒక చిన్న బాక్సులో వేయండి. ప్రభుత్వం పట్టుకుంటే 'నిర్బంధం' అని, దొంగలు పట్టుకుంటేనే 'హైజాక్' అని రాయండి. ఆ బాక్సు కత్తిరించుకుని ఇంటివాళ్లు వకీలు దగ్గరకు వెళ్తారు.

ఇట్లు,
వాణిజ్య నౌకల్లో, సరుకు బీమాలో పనిచేసి విరమించిన కొందరు,
తిరుపతి